బట్టీ పట్టిన ఎమ్మే

మా కాలేజీలో ఎవరు పోయినా సంతాప సందేశం ఆయనే రాసేవారు. డీన్ గారి తల్లి పోయినా, బస్సు డ్రైవరు తమ్ముడు పోయినా, పొద్దున తొమ్మిదికల్లా అందరి మెయిల్లోనూ ఆరు లైన్లు ఉండేవి. చదివితే, ఆ పోయిన మనిషిని మనం ఒక్కసారైనా చూసి ఉంటే బాగుండేదనిపించేది. పోయిన వారం ఆయనే పోయారని పాత స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఎవరు రాశారో గానీ సెలవు సర్క్యులర్‌లా ఉంది. కింద వరసగా దండాలు, పువ్వులు. నేనూ ఒక దండం పెట్టి, ఆ రోజు చెప్పాల్సిన రెండు క్లాసులూ ఎట్లాగో చెప్పి, ఇంటికొచ్చి ఏడ్చాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయనకే ఇష్టముండదు. "లెటరు డీన్‌ది, కాయితం కాలేజీది. మధ్యలో మన పేరెందుకమ్మా" అనేవారు. దోహాలోని ఆ కాలేజీలో ఇరవయ్యేళ్ళకు పైగా ఇంగ్లీషు చెప్పారు, చాలా ఏళ్ళు ఆ విభాగానికి పెద్దగా కూడా ఉన్నారు. కోనసీమ మనిషి. ఎండలు మాడ్చేసే జూలైలో కూడా నిండు చేతుల చొక్కా, మణికట్టు దగ్గర గుండీ పెట్టుకుని వచ్చేవారు. అందరూ పాలు, పంచదార దట్టించిన కరక్ చాయ్ కోసం పరుగులు తీస్తుంటే ఆయన "అది చాయ్ కాదు, పాయసం" అని తన ఫ్లాస్కు మూత తిప్పేవారు. అందులో ఉండేది మాత్రం అంతకంటే తియ్యగా ఉండేది. ఆ సంగతి ఎత్తితే వినపడనట్టు ఉండేవారు.

ఆయన గదిలో కుర్చీ ఒక్కటే ఉండేది. ఎదుటివాళ్ళ కోసం కాలేజీ ఇచ్చిన రెండో కుర్చీని స్టోరుకు తిప్పి పంపేశారు. ఎవరైనా స్టూడెంటు వస్తే తన కుర్చీలో కూర్చోబెట్టి తను బీరువాకు ఆనుకుని నిలబడేవారు. కొత్తలో నాకు వింతగా ఉండి అడిగాను.

"నిలబడ్డవాడు ఎప్పుడు బయటపడదామా అని చూస్తాడమ్మా. ఏదో ఒక అబద్ధం చెప్పి వెళ్ళిపోతాడు. కూర్చున్నాడనుకో, నిజం చెప్పేదాకా లేవలేడు" అన్నారు.

"మరి మీరు నిలబడితే?"

"నేను తొందరగా వదిలేస్తాను. అదీ వాడికి మంచిదేగా!"

నేనూ ఎమ్మే ఇంగ్లీషే. మాది జగిత్యాల పక్క ఊరు. పెళ్ళయ్యాక మా ఆయన వెంట ఖతర్ వచ్చి, అల్ ఖోర్‌లో గ్యాసు కంపెనీ క్వార్టర్లో నాలుగేళ్ళు గోడలు చూస్తూ కూర్చున్నాను. నా పట్టా సూట్‌కేసులో దుప్పట్ల కింద ఉండేది. దాని వెనక పడ్డ అటెస్టేషన్ ముద్రలు చూస్తే ముందున్న చదువు కంటే అవే ఎక్కువనిపించేది. చివరికి ఈ కాలేజీలో ఏడాది కాంట్రాక్టుకు పిలుపొచ్చింది. ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు, అందులో ఈయనొకరు. మిగతా ఇద్దరూ గంట సేపు నా కాగితాలు తిరగేశారు. ఈయన మాత్రం లేచి వస్తూ గుమ్మం దగ్గర తెలుగులో అడిగారు.

"ఏం చెప్పాలని వచ్చావమ్మా?"

"పొయెట్రీ సార్."

ఆయన అంత గట్టిగా నవ్వడం తర్వాత మళ్ళీ చూడలేదు. "ఇక్కడ ఏసీ చెడిపోతే రిపోర్టెలా రాయాలో చెప్తాం. నేనూ నాటకాలు చెబుదామనే వచ్చాను. రా, ఇద్దరం కలిసి ఏసీలు బాగుచేద్దాం" అన్నారు.

ఉద్యోగం వచ్చిందని చెబితే మా అత్తమ్మ ఊరంతా చెప్పుకుంది, "మా కోడలు దుబాయ్‌ల ఇంగ్లీషు పంతులమ్మ" అని. ఆవిడకు ఖతర్ అయినా కువైట్ అయినా దుబాయే.

కాలేజీలో ఇంగ్లీషు ఎమ్మే బతుకు ఎట్లా ఉంటుందో ఆయన్ను చూసే నేర్చుకున్నాను. వెనకటికి ఊళ్ళో ఎవరికి ఉత్తరం రాయాలన్నా ఒకే మనిషి దగ్గరికి పోయినట్టు, కాలేజీ అంతా ఆయన గదికి వచ్చేది. డీన్ గారి స్నాతకోత్సవ ప్రసంగం, ఇంజనీరింగు వాళ్ళ వార్షిక నివేదిక, క్యాంటీన్‌లో పురుగు కనబడితే క్షమాపణ, లిఫ్టు పనిచేయడం లేదన్న నోటీసు. లిఫ్టు నోటీసుకు కూడా నివేదికకు పట్టినంత సేపూ కూర్చునేవారు. "మోకాళ్ళ నొప్పులున్నవాడు ఇది చదివి మెట్లెక్కాలమ్మా. తిట్టుకోకుండా ఎక్కాలి" అనేవారు. నేను విసుక్కునేదాన్ని. మన చదువుకు ఇంతేనా సార్, పెద్ద పెద్ద పదవులన్నీ ఇంజనీర్లకే ఇస్తారు, మనల్ని మాత్రం అన్నింటికీ పిలుస్తారు అనేదాన్ని.

"ఎమ్మే ఇంగ్లీషు ఉప్పు లాంటిదమ్మా. అన్నింట్లోనూ వేస్తారు. విస్తట్లో మాత్రం ఓ మూలన పెడతారు" అని చెప్పి మళ్ళీ ఆ నోటీసులో మునిగిపోయేవారు. ఆ మాట నేను ఎన్ని చోట్ల వాడుకున్నానో లెక్కలేదు. నాదే అన్నట్టు వాడుకున్నాను.

పేపర్లు దిద్దేటప్పుడు ఆయనకొక అలవాటుండేది. ప్రతి పేపరూ పెదవులు కదుపుతూ చదివేవారు. తప్పుల కుప్ప లాంటి పేపర్లో ఎక్కడో ఒక వాక్యం దగ్గర ఆగి, "ఇదీ వీడిది" అని పక్కన చిన్న చుక్క పెట్టేవారు. తప్పులేని వ్యాసం వస్తే మాత్రం మొహం ముడుచుకుపోయేది. చుక్కకు మార్కులేం ఉండవు. అయినా మా సాయంత్రం క్లాసు వాళ్ళు పేపరు చేతికి రాగానే మొదట చుక్క కోసమే వెతుక్కునేవాళ్ళు.

సాయంత్రం క్లాసు అంటే సైట్లలో పనిచేసేవాళ్ళకు పెట్టిన డిప్లొమా. ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపుల నుంచి కంపెనీ బస్సులో వచ్చేవాళ్ళు. డ్యూటీ అయ్యి, సగం తిని, కళ్ళు ఎర్రగా చేసుకుని కూర్చునేవాళ్ళు. అందులో గంగాధర్ అని మా జగిత్యాల దిక్కు అబ్బాయి ఒకడుండేవాడు. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. ఇంటర్ దాకా చదివి, ఇక్కడ సెంట్రింగ్ పనికి వచ్చాడు. సేఫ్టీ డిప్లొమా పాసైతే కంపెనీ సేఫ్టీ పనిలోకి తీసుకుంటానంది. క్లాసులో నోరు విప్పేవాడు కాదు. పిలిస్తే లేచి నిలబడి మళ్ళీ కూర్చునేవాడు.

ఒక టర్ము ఆఖరి పరీక్షలో 'మీకు గుర్తుండిపోయిన ఒక రోజు' అని వ్యాసం ఇచ్చాం. గంగాధర్ కొండ ప్రాంతానికి విహారయాత్ర రాశాడు. ఆకుపచ్చని లోయలు, మబ్బుల్లో తేలే శిఖరాలు, మిత్రులతో ఆనందం, మూడు పేజీలు, తప్పన్నది లేకుండా. గంగాధర్ జీవితంలో ఎక్కిన ఎత్తయిన చోటు ఇరవయ్యో అంతస్తు స్లాబు. పేపరు దిద్దిన సహోద్యోగికి అనుమానం వచ్చి ఇంటర్నెట్‌లో వెతికితే అక్షరం పొల్లుపోకుండా అదే వ్యాసం దొరికింది. హాల్లోకి ఫోను రానివ్వం, వచ్చినవాళ్ళని తడిమి మరీ పంపిస్తాం. ఎట్లా తెచ్చాడు, ఎవరు సాయం చేశారు అని కేసు పెట్టారు. మోసం చేశాడని తేలితే కాలేజీ నుంచి తీసేస్తారు. ఆ మాట కంపెనీకి రాస్తారు. కంపెనీ వాళ్ళు వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపేస్తారని గంగాధర్ భయం. ఆ భయం ఉత్తది కాదు.

విచారణ ముందు రోజు సార్ గదిలో, ఆ ఒక్క కుర్చీలో కూర్చుని, నా దిక్కు చూస్తూ చెప్పాడు.

"దొంగతనం చెయ్యలే మేడం. మొత్తం నోటికస్తది. ఇంటర్ల మా సార్లు గట్లనే రాయమనేటోళ్ళు. ఒక్క కామా పోయినా మార్కు కోసేటోళ్ళు. నా పేపరు చూపిచ్చి క్లాసంతా చప్పట్లు కొట్టిచ్చిండ్రు. గిది తప్పని నాకెవ్వలు చెప్పలే."

నాకు వాడి మాటల్లో ఒక్కటి కూడా కొత్త కాదు. మా దిక్కు మంచి స్టూడెంటు అంటేనే గైడు మింగినవాడు. సార్ బీరువాకు ఆనుకుని కళ్ళు మూసుకుని విన్నారు. తర్వాత "ఏ గైడోయ్? నీలం అట్టా, ఎర్ర అట్టా?" అని అడిగారు. నాకు నవ్వొచ్చింది గానీ ఆయన నవ్వలేదు.

విచారణ కమిటీలో ఐదుగురు, సార్ ఒకరు. ఛైర్మన్ ఇంజనీరింగు విభాగం పెద్ద, పాశ్చాత్య దేశమాయన, చెడ్డవాడు కాదు. ఎవరేమన్నారో రాసే మినిట్స్ పని నాది. ఇంగ్లీషు ఎమ్మే కదా, ఇంకెవరికిస్తారు! నా కాంట్రాక్టు పొడిగింపు కాగితం ఆ వారమే పైకి వెళ్ళింది. ఆ సంగతి ఆ గదిలో నాకొక్కదానికే గుర్తుంది.

గంగాధర్‌ను తలుపు దగ్గర నిలబెట్టారు. సార్ లేచి తన కుర్చీ అతనికిచ్చి గోడకు ఆనుకున్నారు. గంగాధర్ చెప్పింది సార్ ఇంగ్లీషులో చెప్పారు. ఛైర్మన్ నమ్మలేదు. మూడు పేజీలు కామాలతో సహా ఎవరికి గుర్తుంటాయి అన్నాడు. సరే, ఇప్పుడు అప్పజెప్పమన్నాడు. గంగాధర్ లేచాడు. మొదటి లైను సగం చెప్పి ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ అక్కడే ఆగాడు.  ఆ మౌనంతో కేసు తేలిపోయినట్టే అయింది. ఛైర్మన్ ఫైలు మూయబోయాడు.

అప్పుడు సార్ గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. ఒక విషాద నాటకంలో కథానాయకుడి పతనానికి కారణాలు. ఆయన ఎమ్మే ఫైనల్లో రాసిన జవాబు. పదిహేను నిమిషాల జవాబు. 'ప్రముఖ విమర్శకుడు ఇట్లా అన్నాడు' దగ్గర గొంతు కొంచెం పెంచి, పేజీ తిప్పాల్సిన చోట ఒక్క క్షణం ఆగి, చేతులు కట్టుకుని, చిన్న క్లాసు పిల్లవాడిలా అప్పజెప్పారు. మొదట ఎవరో నవ్వారు. రెండో పేజీకి ఆ నవ్వు ఆగిపోయింది.

"ఇది రాసి ముప్పై రెండేళ్ళయింది" అన్నారు ఆయన. "బజారు నోట్సు. బస్టాండు పక్కన కొన్నాను. ఆ నాటకం నేను చదివింది ఉద్యోగం వచ్చిన తర్వాత. అప్పుడే దాని మీద ప్రేమ కలిగింది. కానీ నా డిగ్రీ మాత్రం ఇది. మీరు ఈ డిగ్రీ చూసే నన్ను ఇంగ్లీషు విభాగానికి పెద్దను చేశారు. కావాలంటే ఇంకా పదకొండు జవాబులున్నాయి, వినిపిస్తాను."

 ఆయన మళ్ళీ అన్నారు. "ఈ గదిలో ఇట్లా పాసైనవాళ్ళు ఇంకెవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఒక్కణ్ణే చెబితే నా వింత అనుకుంటారు. ఇంకొకరు చెబితే, ఇది ఈ అబ్బాయి మోసం కాదు, మా దగ్గర చదువు చెప్పే పద్ధతి అని మీకు అర్థమవుతుంది."

నా ఎమ్మే కూడా అంతే. నా నోట్సు కరీంనగర్లో కొన్నది, ఆకుపచ్చ అట్ట. అందులో ఏ జవాబు అడిగినా అప్పుడు చెప్పగలను, ఇప్పుడూ చెప్పగలను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టవుతుందని కదలకుండా కూర్చున్నాను. తల వంచి రాస్తూనే ఉన్నాను. 'ఎవరూ సమాధానం ఇవ్వలేదు' అని రాశాను. ఇంగ్లీషులో అది చక్కని వాక్యం.

ఛైర్మన్ గంగాధర్‌కు తెల్లకాగితం ఇచ్చాడు. అదే ప్రశ్న, ఇక్కడే, ఇప్పుడే రాయమన్నాడు. గంగాధర్ అరగంట కూర్చుని తొమ్మిది లైన్లు రాశాడు. ఒక్క క్రియ కూడా ఉండాల్సిన చోట లేదు. సార్ దాన్ని ఒక్క తప్పూ దిద్దకుండా ఉన్నదున్నట్టు పైకి చదివారు. రూమ్మేటు బెల్టు కొక్కెం తగిలించుకోలేదు. నేను చూశాను. ఫోర్‌మన్ అరుస్తున్నాడు, యల్లా యల్లా, తొందరగా అంటున్నాడు. నేను చెప్పలేదు. అతను కింది స్లాబు మీద పడ్డాడు. కాలు పోయింది. నేను చెప్పలేదు. అందుకే సేఫ్టీ చదువుతున్నాను. ఇంతే.

సార్ కాగితం బల్ల మీద పెట్టి, జేబులోంచి పెన్ను తీసి, చివరి లైను పక్కన చుక్క పెట్టారు. ఛైర్మన్‌కు ఆ చుక్కేమిటో తెలియదు. కానీ గంగాధర్ మొహం చూశాడు. ఆ పేపరుకు సున్నా, మళ్ళీ పరీక్ష రాయడానికి అనుమతి, కంపెనీకి ఏమీ రాయనక్కర్లేదు అని తేల్చాడు.

సాయంత్రం మినిట్స్ చూపించడానికి వెళ్ళాను. ఆయన పెదవులు కదుపుతూ చదివి, నన్ను కుర్చీలో కూర్చోమన్నారు. నాకప్పుడే అర్థమైంది.

"నేనన్నది లేదేవిటమ్మా ఇందులో?"

"మీకే ఇబ్బంది అయితది సార్. పైవాళ్ళు చదువుతరు."

"చదవాలనే. ఆ అబ్బాయి నిలబడింది ఆ మాట మీద. అది తీసేస్తే రేపు ఎవడో ఫైలు తెరిచి వీణ్ణి మళ్ళీ దొంగని చేస్తాడు. రాయి. బాగా రాయి."

రాశాను. బాగానే రాశాను. నేను రాసిన ఆ పేరా మూడు బల్లలు దాటి పైకి పోయింది. తర్వాతి ఏడాది ఆయన కాంట్రాక్టు వచ్చింది గానీ విభాగం పెద్ద అన్న మాట అందులో లేదు. క్లాసులు కూడా తీసేసి నివేదికల ఆఫీసులో వేశారు. ఎందుకని ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. "లిఫ్టు నోటీసులు ఇక తీరిగ్గా రాసుకోవచ్చు" అన్నారు నాతో. సాయంత్రం క్లాసు వాళ్ళు మాత్రం కొన్నాళ్ళు పేపర్లు పట్టుకుని ఆ ఆఫీసుకే పోయేవాళ్ళు. రెండేళ్ళ తర్వాత ఆయన ఊరికి వెళ్ళిపోయారు.

నా కాంట్రాక్టు పొడిగించారు. తర్వాత పర్మనెంటు చేశారు. ఇప్పుడు ఆ విభాగానికి పెద్దను నేనే. నా గదిలో కుర్చీలు మూడున్నాయి. ఏటా ఉగాదికి ఆయనకు ఫోన్ చేసేదాన్ని. ఈసారి చెప్పాలి, సార్ ఆ రోజు నేనూ చెయ్యెత్తవలసింది అని ప్రతిసారీ అనుకునేదాన్ని. ఆయన అక్కడి వాన గురించి చెప్పేవారు, నేను ఇక్కడి ఎండ గురించి చెప్పేదాన్ని, ఫోన్ పెట్టేసేవాళ్ళం. తల వంచుకుని రాస్తున్న నన్ను ఆయన ఆ రోజు చూస్తూ నిలబడి ఉంటారని, నేను లేస్తానని ఎదురుచూసి ఉంటారని ఎప్పుడూ ఊహించుకునేదాన్ని. ఆ చూపు తలుచుకుంటే ఇన్నేళ్ళూ అన్నం సహించేది కాదు.

మొన్న శుక్రవారం గంగాధర్ దోహా పక్కనున్న అల్ వుకైర్‌లో మా ఇంటికి వచ్చాడు. ఇప్పుడు అల్ ఖోర్ దిక్కు ఒక ప్లాంటులో సేఫ్టీ ఆఫీసరు. సొంత కారు, కాస్త పొట్ట, మాటలో మాత్రం ఏ మార్పూ లేదు. సార్ సంగతి తెలిసి ఒక్కడూ ఉండలేక వచ్చానన్నాడు. చాయ్ ఇచ్చాను. ఇద్దరం ఆయన ఫ్లాస్కు గురించి, చొక్కా గుండీల గురించి చెప్పుకుని నవ్వుకున్నాం. అంతలో అతనే అన్నాడు.

"ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు మేడం. గా రోజు మీరూ సారూ ఏమన్న కొట్లాడుకున్నరా?"

"లేదే. ఎందుకు?"

"సారు గట్ల పాసైనోళ్ళు ఇంకెవరన్న ఉన్నరా అని అడిగిండు గద. అందరి మొకాలు ఒక్కొక్కటి చూసిండు. ఛైర్మన్‌ను చూసిండు, ఆఖరికి నన్ను కూడ చూసిండు. మీ దిక్కు మాత్రం తల తిప్పలే. నేను చూసిన. మీ మీద కోపమేమో అనుకున్న."

నా చేతిలో కప్పు కింద పెట్టేశాను. ఆయనకు ముందే తెలుసన్నమాట. జగిత్యాల నుంచి వచ్చిన ఎమ్మే ఎట్లాంటిదో ఆయనకు తెలియకపోవడమేమిటి! నా కాంట్రాక్టు కాగితం పైకి వెళ్ళిందనీ తెలుసు. అందుకే నా వైపు చూడలేదు. చూస్తే నేను లేవాల్సి వచ్చేది. సాక్షి కావాలని అంతమందిని అడుగుతూ, ఉన్న ఒక్క సాక్షినీ ఆయనే వదిలేశారు. కళ్ళు తుడుచుకుని, మొట్టమొదటిసారి ఆ మాట పైకి అన్నాను.

"కోపం కాదు గంగాధర్. నేను కూడ గట్లనే పాసైన. నా ఎమ్మే మొత్తం బట్టీనే. సారుకు ఎరుకే."

గంగాధర్ ఏమీ ఆశ్చర్యపోలేదు. చాయ్ పూర్తిగా తాగి, కప్పు పక్కన పెట్టి, సైట్‌లో బెల్టు తగిలించుకోని మనిషికి చెప్పినంత మెల్లగా అన్నాడు.

"గా రోజే చెప్పి ఉంటే, సారు ఒక్కడయ్యేటోడు కాదు గద, మేడం."